ఎర్రసముద్రపు లోతు జీవుల లెక్క తేలిన తరువాతే వల, తవ్వకం: జెద్దా తెలుగువారి సర్వసభ్య సమావేశ తీర్మానం

జెద్దా, తువల్, రాబిగ్, యాన్బులలో పనిచేస్తున్న తెలుగువారి సర్వసభ్య సమావేశం, లోతు సముద్రపు జీవులకూ గాలిలోని బొగ్గుపులుసు వాయువుకూ ఉన్న సంబంధంపై సభ్యుల అభిప్రాయాలు విని, సవరణలను పరిశీలించి, ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

సభ ముందుగా నమోదు చేస్తున్నది: మన సభ్యుల్లో అత్యధికుల జీతం నేలలోంచి తీసిన చమురుతో, దాన్ని శుద్ధి చేసే కర్మాగారాలతో, ఆ ఇంధనంతో నడిచే విద్యుత్తు, మంచినీటి కేంద్రాలతో ముడిపడి ఉంది. కోట్ల ఏళ్లుగా భూగర్భంలో ఉన్న కర్బనాన్ని పైకి తెచ్చే పనిలో మన చేతులున్నాయి. కర్బనాన్ని లోతుకు దించే జీవులు మన ఇళ్లకు ఎంతో దూరాన లేవు, ఈ ఎర్రసముద్రంలోనే ఉన్నాయి. వాటి సంగతి తెలుసుకోవడం, వాటి పక్షాన మాట్లాడటం ఇతరులకంటే మనకు ఒక పాలు ఎక్కువ బాధ్యత అని సభ భావిస్తున్నది.

సభ గుర్తిస్తున్నది: మనుషులు ఏటా గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. ఆ పీల్చుకోవడం ప్రధానంగా నీటి రసాయన ధర్మం. కానీ పీల్చుకున్న కర్బనం పైపొరలోనే ఉండిపోక లోతుకు చేరడంలో, అక్కడ చిరకాలం నిలవడంలో ప్రాణుల శ్రమ ఉంది. వెలుగు పడే పొరలో వృక్షప్లవకాలు ఆ వాయువుతోనే ఒళ్లు కట్టుకుంటాయి. వాటిని జంతుప్లవకాలు, జంతుప్లవకాలను చేపలు తింటాయి. వాటి మలం, కుబుసాలు, కళేబరాలు కిందికి రాలుతాయి. ఈ దారిన ఏటా సుమారు వెయ్యి కోట్ల టన్నుల కర్బనం పైపొరను విడిచి దిగుతున్నదని అంచనా. ప్రాణుల ఈ పనే లేకపోతే గాలిలో ప్రతి పది లక్షల పాళ్లకు మరో 150 నుంచి 200 పాళ్ల బొగ్గుపులుసు వాయువు అదనంగా ఉండేదని శాస్త్రజ్ఞుల లెక్క.

సభ ప్రత్యేకంగా గమనిస్తున్నది: రాలడం ఒక్కటే మార్గం కాదు, మోయడం కూడా ఉంది. చీకటి పడగానే లోతు నుంచి కోట్లాది చిన్న చేపలు, రొయ్యజాతి జీవులు, జంతుప్లవకాలు పైకి ఈదుకొస్తాయి. రాత్రంతా మేసి, తెల్లవారకముందే వందల మీటర్ల లోతుకు తిరిగి వెళతాయి. శుద్ధి కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేసే మన సభ్యులకు ఈ వేళలు కొత్త కావు. పైన తిన్న కర్బనాన్ని ఆ జీవులు కింద ఊపిరిగా, విసర్జనగా వదులుతాయి. కొన్ని అక్కడే వేటకు బలవుతాయి. భూమి మీద జరిగే జంతు వలసలన్నింటిలోకీ ఇదే పెద్దది, ఇది ప్రతిరోజూ జరుగుతున్నది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల మీది సోనార్ పరికరాలకు సముద్రం మధ్యలో మరో అడుగు ఉన్నట్టు కనిపించింది ఈ జీవుల దట్టమైన గుంపుల వల్లే.

సభ గుర్తిస్తున్నది: ఎర్రసముద్రంలో ఈ మోతలో ముందు నిలిచేవి లాంతరు చేపలు. ఒంటి మీద వెలుగు చుక్కలున్న బెంథోసీమా టెరోటమ్ అనే చిన్న లాంతరు చేప, దానితో పాటు మౌరోలికస్ జాతి చేప ఇక్కడి పైపొరకూ అడుగుకూ నడుమ ఉన్న మధ్యపొరల్లో ప్రధానంగా కనిపిస్తాయి. తువల్‌లోని కింగ్ అబ్దుల్లా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు వీటి రాకపోకలను ధ్వని తరంగాలతో గమనించి ప్రచురించారు. పగలు ఈ చేపలు గుమిగూడే లోతుల్లో వాటి విసర్జనను ఆధారం చేసుకుని బ్యాక్టీరియా చురుకుగా పెరుగుతున్నట్టు కూడా అక్కడివారు చూపారు. అంటే కింద ఆ కర్బనానికి ఏమవుతుందన్నది చేపలొక్కటే తేల్చేది కాదు, సూక్ష్మజీవులకూ అందులో పాత్ర ఉంది.

సభ గమనిస్తున్నది: ఎర్రసముద్రం మిగతా సముద్రాల వంటిది కాదు. మహాసముద్రాల అడుగున నీరు రెండు మూడు డిగ్రీల చలిలో ఉంటే, ఇక్కడ రెండు వేల మీటర్ల లోతున కూడా సుమారు 21 డిగ్రీల వెచ్చదనం ఉంటుంది. వెచ్చని నీటిలో కుళ్లడం వేగంగా సాగుతుంది, రాలినది అడుగుకు చేరకముందే చాలా భాగం మళ్లీ వాయువుగా మారుతుంది. దక్షిణాన బాబ్ అల్ మందబ్ దగ్గర సముద్రగర్భపు గడప సుమారు 137 మీటర్ల లోతులోనే ఉంది. లోతు నీరు దానిని దాటి బయటకు పోవడానికి దశాబ్దాలు పడుతుంది. మహాసముద్రాల లోతుల్లో ఆ గడువు వందల ఏళ్లు. కాబట్టి ఇక్కడి జీవులు దించే కర్బనం ఎంతకాలం కింద ఉంటుందన్న ప్రశ్నకు మహాసముద్రాల జవాబును తెచ్చి అతికించడం తగదు. ఇక్కడ విడిగా కొలవాలి. భూగోళం వేడెక్కుతున్న కొద్దీ మిగతా సముద్రాల్లో ఏం జరగవచ్చో తెలుసుకోవడానికి కూడా ఇంతకన్నా తగిన చోటు దొరకదని సభ అభిప్రాయం.

సభ దృష్టికి వచ్చిన మరికొన్ని విషయాలు: జిగురు పొరలతో గూడు కట్టుకుని నీటిని వడగట్టే లార్వేసియన్ అనే జీవి ఆ గూడు పూడగానే వదిలేస్తుంది, అది కర్బనంతో సహా మునిగిపోతుంది. అడుగున సముద్రదోసకాయలు, పురుగులు బురదను తిరగేస్తూ రాలినదాన్ని మట్టిలో కలుపుతాయి. బ్రిటన్, ఐర్లండ్ పడమటి సముద్రపు వాలులో లోతున బతికే చేపలు ఏటా పది లక్షల టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కర్బనాన్ని కిందే ఉంచుతున్నాయని 2014లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

సభ హర్షిస్తున్నది: స్పెయిన్ ఓడ ఎస్పెరిదేస్ 2010లో మొదలుపెట్టిన మలాస్పీనా యాత్రలోని ధ్వని కొలతల ఆధారంగా, తువల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పాల్గొన్న బృందం 2014లో ప్రపంచపు మధ్యపొరల చేపల లెక్కను తిరగరాసింది. అంతకుముందు వలలతో తేల్చిన అంచనా సుమారు వంద కోట్ల టన్నులు. ఈ చేపలు వలను పసిగట్టి తప్పుకుంటాయి, అందుకే ఆ లెక్క చాలా తక్కువ వచ్చింది. కొత్త అంచనా సుమారు వెయ్యి కోట్ల టన్నులు. ఒక్క అధ్యయనంతో లెక్క పదింతలు పెరగడాన్ని సభ ఆ విజ్ఞానపు విజయంగానూ, మన అజ్ఞానపు పరిమాణంగానూ నమోదు చేస్తున్నది. 2022లో సౌదీ జాతీయ వన్యప్రాణి కేంద్రం ఎర్రసముద్రంలో జరిపిన దశాబ్ది యాత్రను కూడా సభ అభినందిస్తున్నది.

సభ విచారం వ్యక్తం చేస్తున్నది: దేశాల ఉద్గారాల లెక్కల్లో మడ అడవులకు స్థానం దొరుకుతున్నది, లోతు జీవుల పనికి లేదు. జిజాన్ తీరపు మడచెట్లయినా, కాకినాడ పక్కన కోరింగ మడచెట్లయినా కంటికి కనిపిస్తాయి, నాటిన మొక్కలను లెక్కపెట్టవచ్చు. 500 మీటర్ల కింద చీకట్లో ఉన్న వేలెడు చేపకు ఆ సౌకర్యం లేదు. కనిపించకపోవడం వల్ల దాని పని విలువ తగ్గదు.

సభ తీవ్రంగా విచారిస్తున్నది: లెక్క తేలకముందే బేరం మొదలైంది. ఎర్రసముద్రంలో ఉన్న ఈ లాంతరు చేప జాతినే గల్ఫ్ ఆఫ్ ఒమాన్‌లో ఇరాన్ వేటాడి చూసింది. నార్వే వంటి దేశాలు మధ్యపొరల చేపల ప్రయోగాత్మక వేటకు అనుమతులిచ్చాయి. ఈ చేపలు మనిషి కంచానికి కాదు, చేపపొడికి, చేపనూనెకు. ఆ పొడి చేరేది చేపల, రొయ్యల మేతకు. ఇక్కడ సభ ఆగి ఆలోచించింది. భారతదేశపు చెరువు రొయ్యల్లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లో పండుతున్నది. భీమవరం, ఉండి, కైకలూరు, నెల్లూరు ప్రాంతాల నుంచి వచ్చిన సభ్యులు ఈ సభలో ఉన్నారు, వారి కుటుంబాలు వనామి రొయ్యల చెరువుల మీద బతుకుతున్నాయి. ఫీడ్ ధర పెరిగినప్పుడల్లా రైతు పడే బాధ ఈ సభకు తెలియనిది కాదు. అయినా రేపు అరేబియా సముద్రపు లోతుల నుంచి తీసిన చేపపొడి చవకగా వస్తే, ఆ చవక వెనుక ఉన్న ఖర్చు ఆ సంచి మీద రాసి ఉండదు. కవళ్లు, నెత్తళ్లు తగ్గిపోతున్నాయి కనుక లోతు చేపను పట్టాలన్న వాదనను సభ అంగీకరించడం లేదు. సోయా, పురుగుల పొడి, చేపల శుద్ధి కేంద్రాల వ్యర్థాలతో మేత తయారీకి జరుగుతున్న ప్రయత్నాలకు ప్రభుత్వ ప్రోత్సాహం పెరగాలని సభ అభిప్రాయపడుతున్నది.

సభ గుర్తుచేస్తున్నది: ఎర్రసముద్రపు నడిమధ్య, జెద్దాకు పడమట, అట్లాంటిస్ రెండు అనే లోతైన గుంటలో వేడి ఉప్పునీటి కింద జింకు, రాగి, వెండి కలిసిన బురద ఉంది. దానికోసం సౌదీ అరేబియా, సూడాన్ 1974లో ఉమ్మడి ఒప్పందం చేసుకున్నాయి, 1979లో రెండు వేల మీటర్ల లోతు నుంచి ఆ బురదను ప్రయోగాత్మకంగా పైకి తోడారు. అదే కాలంలో పర్యావరణ పరిశీలన కూడా చేయించారు. లోహం తీసుకోగా మిగిలిన బురదను ఏ లోతున వదలాలన్నది అప్పటినుంచీ ఉన్న ప్రశ్న. మధ్యపొరలో వదిలితే ఆ మబ్బు నీరు రాత్రీ పగలూ తిరిగే జీవుల దారిలోనే పరుచుకుంటుంది. మన దేశానికి కూడా ఇది పరాయి ప్రశ్న కాదు. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లలో లోహపు ముద్దల అన్వేషణకు భారత ప్రభుత్వం 2002లో అంతర్జాతీయ సముద్రగర్భ అథారిటీతో ఒప్పందం చేసుకుంది. 2021లో లోతు సముద్ర మిషన్‌ను ఆమోదించింది.

సభ తన వైఖరిని ఇలా నమోదు చేస్తున్నది: సముద్రగర్భ తవ్వకాలపై శాశ్వత నిషేధం కోరాలన్న సవరణ ఆమోదం పొందలేదు. మధ్యపొరల జీవులు ఎన్ని, అవి ఎంత కర్బనాన్ని ఏ లోతుకు దించుతున్నాయి, అది ఎంతకాలం అక్కడ ఉంటున్నది అన్న మూడు కొలతలు ప్రాంతాల వారీగా వెలువడి, అందరి ముందుకు వచ్చేవరకు వాణిజ్య స్థాయి వేటా తవ్వకమూ ఆగాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. 30కి పైగా దేశాలు సముద్రగర్భ తవ్వకాల విషయంలో ఇప్పటికే ఇటువంటి విరామాన్నే కోరుతున్నాయి. ఈ విరామం శాస్త్ర పరిశోధనకు వర్తించదు, దానికి ఓడలు, నిధులు మరింతగా కేటాయించాలి.

సభ అభిప్రాయపడుతున్నది: ఎర్రసముద్రం, గల్ఫ్ ఆఫ్ ఏడెన్ పర్యావరణ రక్షణకు 1982లో ఈ జెద్దాలోనే ఒడంబడిక కుదిరింది, దాని అమలు సంస్థ కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. మధ్యపొరల జీవుల ఉమ్మడి కొలతకు ఇంతకంటే తగిన వేదిక వేరే లేదు. 2060 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని, 2030 నాటికి నేలలోనూ సముద్రంలోనూ 30 శాతాన్ని రక్షిస్తామని సౌదీ అరేబియా ప్రకటించింది. రక్షిత సముద్రాన్ని పగడాల లోతు దగ్గరే ఆపక, చేపలు పగలు తలదాచుకునే లోతు వరకు లెక్కించడం ఆ ప్రకటనకు తగిన పని అని ఈ దేశపు అతిథులుగా సభ వినయంగా నమోదు చేస్తున్నది.

సభ కోరుతున్నది: హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం తువల్ శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేయాలి. వెచ్చని ఎర్రసముద్రం ఒక పక్క, గోదావరి, కృష్ణ మట్టి కలిసే బంగాళాఖాతం మరో పక్క. నదులు తెచ్చే ఒండ్రు రేణువులు రాలే కర్బనానికి బరువై దాన్ని త్వరగా కిందికి దించుతాయి. ఈ రెండు సముద్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలే విషయాలు ఒక్కదాన్ని చూస్తే తేలవు.

సభ తన వంతుగా తీర్మానించింది: సెలవు రోజుల్లో నడుస్తున్న పిల్లల తెలుగు తరగతుల్లో ఈ ఏడాది నుంచి ఎర్రసముద్రపు జీవులపై పాఠాలు ఉంటాయి. లాంతరు చేపల రాకపోకల మీద తెలుగులో చిన్న పుస్తకం వేయడానికి సభ్యుల చందాతో నిధి ఏర్పడుతుంది. ఆ పుస్తకం ప్రతులు ఉభయ గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల రొయ్య రైతు సంఘాలకు ఉచితంగా వెళ్తాయి. తగిన అనుమతులతో తువల్ శాస్త్రజ్ఞులను ఆహ్వానించి ఏడాదికొకసారి ప్రసంగం ఏర్పాటు చేయాలి. కర్మాగారాల్లో పనిచేసే సభ్యులు తమ యూనిట్లలో వృథాగా మండే గ్యాసు, ఆవిరి లీకుల విషయాన్ని నిర్దేశిత మార్గాల్లో యాజమాన్యం దృష్టికి తెచ్చే అలవాటు పెంచుకోవాలి. చివరి అంశంపై కొందరు సభ్యులు సంకోచం వ్యక్తం చేశారు, దాన్ని నమోదు చేసుకుంటూనే సభ ఆ అంశాన్ని ఉంచింది.

ఈ తీర్మానం ప్రతులను జెద్దాలోని భారత కాన్సులేట్ ద్వారా కేంద్ర భూవిజ్ఞాన శాస్త్రాల మంత్రిత్వశాఖకు, ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖకు, ఎర్రసముద్ర పర్యావరణ రక్షణ సంస్థకు పంపవలసిందిగా కార్యదర్శిని ఆదేశించడమైనది. వచ్చిన జవాబులను తదుపరి సర్వసభ్య సమావేశం ముందుంచాలి.