కలిమినాటి కావలి

గత మాసమున మా యింట చిన్న కలహము జరిగినది. మా వారికి జీతపు బకాయిలు ఒక్కసారిగా చేతికి వచ్చినవి. ఆ సొమ్మును బయానాగా నిచ్చి, తక్కినది బ్యాంకులో అప్పు తెచ్చి, ఊరి వెలుపల స్థలము కొనవలెనని బంధువు లొకరు బోధించిరి. నేటి ధర రేపుండదని వారి వాదము. మేము వలదంటిమి. ఇది పిసినారితనమని ఒకరు, పిరికితనమని మరియొకరు అనిరి. మా వారు రెండు దినములు మాతో ముక్తసరిగా మాటలాడిరి.

అట్టి సమయమున మాకు జ్ఞప్తికి వచ్చినది రిజర్వు బ్యాంకు గవర్నరుగా నుండిన డాక్టరు యాగా వేణుగోపాల్ రెడ్డిగారి చరిత్రము. ఆ బ్యాంకు గొడవ గృహిణులకేల యని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. ఇల్లు గడుపు నేర్పునకును, దేశపు ధనమును కాచు నేర్పునకును మనమనుకొన్నంత దూరము లేదని ఆయన జీవితము తెలిసికొన్నకొలది మాకు తోచినది.

రెడ్డిగారు 1941లో కడప జిల్లాలో జన్మించిరి. మద్రాసు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి, ఉస్మానియాలో డాక్టరు పట్టమును పొందిరి. 1964లో ఐ.ఏ.ఎస్. ఉద్యోగమున ప్రవేశించి, ఆంధ్రప్రదేశమున జిల్లా పాలనయు, ప్రణాళికా కార్యములును నిర్వహించిరి. దేశము, రాష్ట్రము, జిల్లా అను పలు అంతస్తులలో ప్రణాళికలు సాగవలసిన తీరును గూర్చి 1979లో ఒక గ్రంథమును వెలువరించిరి. బ్యాంకుల లెక్కలకంటె ముందుగా ఆయన ఎరిగినది పల్లెల లెక్కలే.

మెడలోని గొలుసు తాకట్టునకు పోవు దిన మెట్టిదో ఇల్లాలికి వేరుగ చెప్పనక్కరలేదు. 1991లో మన దేశమునకే అట్టి దినము వచ్చినది. బొక్కసమున మిగిలిన విదేశధనము మూడు వారముల దిగుమతులకైనను చాలునా యను స్థితి యేర్పడెను. ఆ జూలై మాసమున రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను దేశముల కేంద్రబ్యాంకులకడ కుదువబెట్టి అప్పు తెచ్చినది. అప్పుడు కేంద్ర ఆర్థికశాఖలో సంయుక్త కార్యదర్శిగా నుండి ఆ కష్టమును దగ్గర నుండి చూచినవారిలో రెడ్డిగారొకరు. బంగారము విమానాశ్రయమునకు పోవుచుండగా దారిలో బండి చెడి నిలిచిపోయెననియు, వెంటనున్నవారు హడలిపోయిరనియు ఆయన తరువాతి కాలమున చెప్పియున్నారు. ఆ అప్పు తీరినది. కాని ఒకసారి నగ తాకట్టు పెట్టిన యింటివారు, మరల కలిమి వచ్చినను ఆ దినమును మరువరు గదా!

1996 మొదలు ఆరేండ్లు రిజర్వు బ్యాంకునకు ఉపగవర్నరుగాను, పిదప అంతర్జాతీయ ద్రవ్యనిధిలో మన దేశము పక్షమున కార్యనిర్వాహక డైరెక్టరుగాను పనిచేసి, 2003 సెప్టెంబరు 6వ తేదీన రెడ్డిగారు గవర్నరు పదవి నధిష్ఠించిరి. రిజర్వు బ్యాంకు మనకు అప్పులిచ్చునది కాదు. అది బ్యాంకులకు పెద్దదిక్కు. రూపాయి విలువను కాచుట దాని మొదటి ధర్మము.

ఆయన పాలించిన యైదేండ్లును కలిమి కాలము. దేశాదాయము పెరుగుచుండెను. విదేశధనము వెల్లువవలె వచ్చుచుండెను. నగరములందు స్థలముల ధరలు ఆకాశము నంటుచుండెను. అడిగినవారికెల్ల అప్పులిచ్చుటకు బ్యాంకులు ఉబలాటపడుచుండెను. అందరును పండుగ చేసికొనుచుండగా ఈయన పగ్గములు బిగించిరి.

ఎట్లనగా, అమ్మకపు భవనములు, అంగళ్లు మొదలగువాని నిమిత్తమిచ్చిన అప్పులు ప్రమాదకరములని యెంచి, నూరు రూపాయల అప్పును 2005లో నూటయిరువదియైదుగాను, 2006లో నూటయేబదిగాను లెక్కగట్టి, దానికి తగినంత సొంత మూలధనమును బ్యాంకులు చూపవలెనని నిబంధన చేసిరి. అప్పు మునిగినచో భారము డిపాజిటుదారుల మీద పడకుండుటకై ఈ కట్టడి.

రెండవది మనము సులభముగా గ్రహింపగలది. పూర్వము మన పెద్దలు అన్నము వండునపుడెల్ల ఎసట పోయు బియ్యమునుండి పిడికెడు తీసి వేరు కుండలో వేసెడివారు. బ్యాంకులును తమకు వచ్చిన డిపాజిట్లలో కొంత పాలు రిజర్వు బ్యాంకులో నుంచవలెను. 2006 చివర నూటికి 5 రూపాయలుగా నున్న ఆ పాలును రెడ్డిగారు మెల్లమెల్లగా పెంచి, 2008 ఆగస్టు చివరికి 9 రూపాయలు చేసిరి.

ఆయనను మెచ్చినవారు అప్పుడు కొందరే. వడ్డీలు పెరిగి, ఇండ్లు కట్టుకొనువారికి భారమైనమాట నిజము. పరిశ్రమలవారు అభివృద్ధికి అడ్డుకట్ట యనిరి. ఆర్థికశాఖతోను అభిప్రాయభేదములు కలిగినవి. 2008 సెప్టెంబరు 5వ తేదీన ఆయన పదవీకాలము ముగిసినది.

సరిగా పది దినములకు, సెప్టెంబరు 15వ తేదీన, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను మహాసంస్థ దివాలా తీసినది. ఇండ్ల అప్పుల మీద కట్టిన మేడ కూలి ప్రపంచమును కుదిపినది. మనకు దెబ్బ తగులలేదని కాదు. షేరుబజారు పడినది, ఎగుమతులు తగ్గినవి. కాని అక్కడివలె మన పెద్ద బ్యాంకులు కుప్పకూలలేదు. తరువాత గవర్నరైన దువ్వూరి సుబ్బారావుగారు, వీరును తెలుగువారే, దాచిన కుండ మూత తీసిరి. 2009 జనవరి నాటికి 9 రూపాయల పాలు మరల 5 రూపాయలయ్యెను. విడిచిన ఆ ధనము కరవునాడు బ్యాంకులకు ప్రాణాధారమైనది. ఒకరు నిందపడి దాచిరి. మరియొకరు సమయమెరిగి తీసిరి. దాచియుండనిచో తీయుటకేమి యుండును?

ఈయన కట్టడులే చేసిరనుకొనరాదు. అతి స్వల్పమైన నిలువతోనో, అసలు నిలువ లేకయో పేదలు తెరువదగిన ఖాతాల నేర్పరుపుడని 2005 నవంబరులో బ్యాంకులకు సూచించినది ఈయన కాలపు రిజర్వు బ్యాంకే. 2014లో జనధన ఖాతాలు వచ్చుటకు ఎంతో ముందుమాట యిది. పెద్దల అప్పులకు గట్టిచేయి, కూలి చేసికొను తల్లి ఖాతాకు మెత్తనిచేయి చూపుట మాకు ముచ్చటగా తోచినది. 2010లో ఆయనకు పద్మవిభూషణ బిరుదము లభించినది. పిదప పదునాల్గవ ఆర్థికసంఘమునకు అధ్యక్షులై, కేంద్రము పంచెడి పన్నులలో రాష్ట్రముల పాలు నూటికి 32నుండి 42కు పెంచవలెనని సిఫారసు చేసిరి.

ఈ కథయంతయు మేము మా వారికి ఒక రాత్రి వినిపించితిమి. ఆయన సావధానముగ విని, "రేపు ఆ స్థలము ధర నిజముగా పెరిగినచో నేమందువు?" అనిరి. "చీవాట్లు తినెదము" అంటిమి. ఆయన నవ్విరి. మరునాడు ఆ సొమ్ములో సగము పిల్లల చదువు నిమిత్తమును, సగము ఆపదకును పోస్టాఫీసులో వేసివచ్చిరి.

మేము చేసినది సరియో కాదో ఇంకను తెలియదు. ఆపద రానిచో మా జాగ్రత్తను ఎవరును తలపరు, రాకుండుటయే మేలు. రెడ్డిగారు గవర్నరు పీఠము దిగిన తరువాత పది దినములకే లోకమునకు ఆయన విలువ తెలిసినది. మనలో పెక్కుమందికి అట్టి దినము రాకయే పోవచ్చును. అయినను, సోదరీమణులారా, బియ్యము నిండుగ నున్ననాడే ఆ పిడికెడు వేరుగ తీయుడు.