టైరు కూడ పిట్టగోడయే



ఈ నెల ఈ పేజీలో మేము టైర్లను గూర్చి వ్రాయుట చూచి కొందరు ఆశ్చర్యపడవచ్చును. కుటుంబ జీవితమును గూర్చి వ్రాయు చోట రబ్బరు చక్రముల మాట ఎందుకని అడుగవచ్చును. అయితే మన యాడికి ప్రాంతములో ఒక కుటుంబము ఆదివారము ఆరాధనకు గాని, తాడిపత్రిలో వైద్యుని యొద్దకు గాని, గుత్తిలో రైలు ఎక్కుటకు గాని ఎట్లు వెళ్లుచున్నది? తండ్రి, తల్లి, ఇద్దరు బిడ్డలు ఒకే మోటారు సైకిలు మీద. లేదా పదిమంది ఒకే ఆటోలో. వారందరి ప్రాణమును రోడ్డు మీద పట్టి నిలుపునది, ఒక్కొక్క చక్రము క్రింద నేలను తాకుచున్న అరచేయంతైనను లేని రబ్బరు ముక్క. దానిని గూర్చి కుటుంబ పత్రికలో గాక మరి ఎక్కడ మాట్లాడవలెను?

వాన రాని యేడు మన ఇండ్లలో ఏమి జరుగునో మీకు తెలియును. మన అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడును. అదియు పైరుకు కావలసినప్పుడు పడదు. వేరుశనగ చేతికి రాని యేడు బియ్యము కొనుట ఆపలేము, బడి ఫీజు ఆపలేము, వడ్డీ ఆపలేము. వాయిదా వేయదగినది ఏదని ఇల్లంతా వెదకినప్పుడు అరిగిన టైరు కనబడును. "వచ్చే పంట వరకు నడుచునులే" అందుము. తక్కువ డబ్బుతో సరియైన టైరు ఎట్లు ఎంచుకొనవలెనన్నది అందుచేత మన ఇంటి ప్రశ్నయే. ఇక్కడ ఎండలో తిరుగువారిదే కాదు, కెనడాలో, అమెరికాలో మంచు మీద కారు నడుపుచున్న మన బిడ్డలకు కూడ అది ప్రతి చలికాలము వచ్చు ప్రశ్న. ముందు ఇక్కడి సంగతి చెప్పి, తరువాత అక్కడి సంగతికి వచ్చెదము.

మిద్దెకు పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము మరల చదువుడి. క్రొత్త ఇల్లు కట్టించువాడు దాని పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టించవలెనని, ఎవడైనను అక్కడనుండి పడిన యెడల ఆ ఇంటిమీద రక్తదోషము ఉండునని అక్కడ ఆజ్ఞ ఉన్నది. మన రాయలసీమవారికి ఈ మాట సుళువుగా అర్థమగును. మనవి కూడ మిద్దె ఇండ్లు. ఎండాకాలము రాత్రులు మనము కూడ మిద్దెమీద పండుకొనువారమే. పిట్టగోడ ఇంటికి అందము తేదు, అద్దె తేదు. ఇంటి యజమానికి మిద్దె అంచు ఎక్కడనో చీకటిలో కూడ తెలియును. ఆ గోడ అంచు తెలియని చంటిబిడ్డ కొరకు, చుట్టపుచూపుగా వచ్చిన అతిథి కొరకు. కాని ఖర్చు పెట్టవలసినవాడు యజమాని.

టైరు కూడ అట్టిదే. బండికి రంగు వేయించిన నలుగురు చూతురు. టైరు మార్చిన ఎవరు చూచెదరు? అది వెనుక కూర్చున్నవారి కొరకు పెట్టు ఖర్చు.

కొందరు, "మేము ప్రార్థన చేసుకొనియే బయలుదేరుదుము" అందురు. మంచిదే, అట్లే చేయవలెను. అయితే దేవాలయ శిఖరము మీదనుండి దుముకుమని సాతాను చెప్పినప్పుడు మన ప్రభువు ఏమి చేసెనో తలంచుడి. దేవదూతలు కాపాడుదురను మాటను పట్టుకొని ఆయన దుమకలేదు. దానిని దేవుని శోధించుటగా ఎంచి నిరాకరించెను. నున్నబడిన టైరు మీద బిడ్డలను ఎక్కించుకొని ప్రార్థన మీద భారము వేయుట విశ్వాసమని మేము చెప్పలేము.

ఎండ, రాయి, మొదటి వాన

టైరుకు మన సీమలో ముగ్గురు శత్రువులున్నారు. మొదటిది వేడి. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటును. తారు రోడ్డు గాలికన్న ఎంతో ఎక్కువ కాలును. అందుచేత "ఎండాకాలములో గాలి కొంచెము తక్కువ పెట్టించవలెను, లేకున్న పగులును" అని చాలమంది నమ్ముచున్నారు. ఇది తప్పు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోను ప్రక్కలకు వంగి నలుగును. ఆ నలుగుటవలననే లోపల వేడి పుట్టును. ఆ వేడియే దానిని పగులగొట్టును. బండి చేసినవారు చెప్పిన గాలినే పెట్టించుడి. ఉదయము, బండి నడుపక మునుపు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుడి. వేడెక్కిన తరువాత గాలి ఎక్కువ చూపుట సహజము, అప్పుడు తీసివేయకూడదు. వెనుక మనిషి కూర్చున్న యెడల వెనుక చక్రములో ఎంత ఎక్కువ గాలి ఉండవలెనో బండితో వచ్చిన పుస్తకములో వ్రాసియుండును.

రెండవది రాయి. నాపరాతి చెక్కలు, సున్నపురాయి, సిమెంటు లారీలు తిరుగు దారులు మనవి. పదునైన చెక్క టైరు ప్రక్కభాగమును కోసిన యెడల అది పంక్చరు వేసినంత మాత్రమున బాగుపడదు. ప్రక్కన బుడ్డవలె ఉబ్బినా, లోపలి దారములు కనబడినా, ఆ టైరు పని ముగిసినదని యెంచవలెను.

మూడవది మొదటి వాన. "మనకు వానలే లేవు, టైరుకు గాడులు ఎందుకు?" అని వేడుకగా అనుకొందుము. ఆలోచించుడి. నెలల తరబడి దుమ్ము, సిమెంటు పొడి, నూనె చుక్కలు పట్టిన రోడ్డు మీద మొదటి జల్లు పడినప్పుడు అది సబ్బు పూసినట్లగును. ఆ నీటిని ప్రక్కకు తోసి రబ్బరును నేలకు తాకించునవి ఆ గాడులే. వాన కొరకు ప్రార్థించువారు వానకు సిద్ధముగా ఉండవలదా?

కొనునప్పుడు చూడవలసినవి

టైరు గాడి అడుగున అక్కడక్కడ చిన్న అడ్డకట్టలు ఉండును. పై రబ్బరు అరిగి వాటితో సమానమైన యెడల మార్చవలసిన సమయము వచ్చినది. 1989 కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము గాడి లోతు కార్లు, జీపులకు 1.6 మిల్లీమీటర్లు, మోటారు సైకిళ్లకు, ఆటోలకు 0.8 మిల్లీమీటర్లు తగ్గకూడదు. అంతవరకు ఆగక కొంచెము ముందుగానే మార్చుట క్షేమము.

టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర వెదకుడి. 2324 అని ఉన్న యెడల అది 2024వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. వాడకున్నను రబ్బరు ముసలిదగును. ఎండలో సంవత్సరముల తరబడి వ్రేలాడిన టైరు తగ్గింపు ధరకు వచ్చిన యెడల, ఎందుకు తగ్గించిరో ఆ అంకెలే చెప్పును. అక్షరములు తెలియనివారు బడికి పోవు బిడ్డచేత చదివించుకొనుడి.

అరిగిన టైరులో వేడి కత్తితో మరల గాడులు కోసి, నల్ల రంగు పూసి అమ్ముట కూడ ఉన్నది. అది క్రొత్తదివలె మెరయును గాని, లోపల మిగిలిన పలుచని రబ్బరును కూడ తీసివేసిన టైరు అది. దానిని ఏ ధరకును కొనకుడి. మంచి కార్ఖానాలో పాత టైరు మీద క్రొత్త రబ్బరు అతికించునది వేరు. లారీల వెనుక చక్రములకు అది చాల కాలముగా నడుచుచున్న పద్ధతి. మోటారు సైకిలుకు, ఆటో ముందు చక్రమునకు మాత్రము దానిని మేము సిఫారసు చేయము. పాత కారు టైరు ఎద్దుల టైరుబండికి చాలును. మనుషులను ఎక్కించుకొని వేగముగా పోవు బండికి చాలదు.

ఎక్కడ తగ్గించుకొనవచ్చును? పేరుమోసిన కంపెనీలలో కూడ వెడల్పైన, అందమైన టైర్లు ఖరీదు; బండితో వచ్చిన కొలతయే చవక, అదియే సరి. క్రొత్త టైరుతోపాటు క్రొత్త ట్యూబు వేయించుట చిన్న ఖర్చు, దానిని తప్పించకుడి. 2025 సెప్టెంబరు 22 నుండి మోటారు సైకిలు, కారు టైర్ల మీద పన్ను 28 నుండి 18 శాతమునకు, ట్రాక్టరు టైర్ల మీద 18 నుండి 5 శాతమునకు తగ్గినది. బిల్లు అడిగి తీసికొనుడి. బిల్లు లేనిదే కంపెనీ హామీ లేదు.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించునని ప్రభువు చెప్పెను గదా. మనమును లెక్కింతము. ఉదాహరణకు, 1,500 రూపాయల టైరు మూడు సంవత్సరములు నడిచిన యెడల దినమునకు రూపాయిన్నర కూడ పడదు. సగము ధరకు కొన్నది ఆరు నెలలకే నున్నబడిన యెడల దినమునకు నాలుగు రూపాయలు పడును. పేదవానికి చవక టైరే ఎక్కువ ఖరీదు.

మంచు దేశములోని బిడ్డలకు

ఇక విదేశములలో బిడ్డలున్న తలిదండ్రులారా, ఈ భాగము వారికి ఫోనులో చదివి వినిపించుడి. ఇక్కడ టైరుకు శత్రువు వేడి, అక్కడ చలి. ఎండాకాలపు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీలకన్న తక్కువ చలిలో గట్టిపడి, ఎండిపోయిన తోలు చెప్పువలె జారును. మంచు టైరు చలిలో కూడ మెత్తగా ఉండునట్లు చేసినది. దాని మీద సన్నని చీలికలు అనేకము ఉండి మంచును పట్టుకొనును.

క్రొత్తగా వెళ్లినవారు పాత కారు కొని, దానితో వచ్చిన టైర్లతోనే చలికాలము గడుపుదమని అనుకొందురు. "అన్ని కాలములకు" అని పేరున్న టైరు గట్టి చలికి చాలదు. మూడు శిఖరముల కొండ, దానిలో మంచు రేకు గుర్తు టైరు ప్రక్కన ఉన్నదేమో చూడవలెను. కెనడాలోని క్విబెక్ రాష్ట్రములో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు మంచు టైర్లు చట్టప్రకారము తప్పనిసరి. ఒంటారియోలో మంచు టైర్లు వాడువారికి భీమా కంపెనీలు తగ్గింపు ఇవ్వవలెనను నియమము 2016 జనవరి 1 నుండి ఉన్నది, అడిగి తీసికొనవలెను.

ఖర్చు తగ్గించుటకు రెండు చక్రములకే వేయుట ప్రమాదము. ముందు పట్టి వెనుక జారిన యెడల కారు గిరగిర తిరుగును. నాలుగును వేయవలెను. మంచు పడక మునుపే కొనుడి. మొదటి మంచు పడిన దినమున దుకాణములలో రద్దీ ఉండును. చవకైన ఇనుప చక్రములకు బిగించి ఉంచుకొన్న యెడల ప్రతి యేడు మార్చు కూలి తగ్గును. ఒకసారి వాడినవి కొన్నను తప్పు లేదు, గాని తయారైన వారమును, గాడి లోతును చూచి కొనవలెను. చలికాలములో ఎండాకాలపు టైర్లు విశ్రమించును గనుక అవి ఎక్కువ యేండ్లు వచ్చును. పెట్టిన డబ్బులో కొంత అట్లు తిరిగివచ్చును. చలి పోయిన వెంటనే మంచు టైర్లు తీసివేయవలెను; వెచ్చని రోడ్డు మీద ఆ మెత్తని రబ్బరు త్వరగా అరుగును.

గోడ ఖర్చు ఎవరిది?

చివరగా ఒక కష్టమైన మాట. మోటారు సైకిలు టైరు ఇంటి యజమాని కొనును. కాని కూలికి పోవు మన అక్కచెల్లెండ్రు ఎక్కు ఆటో టైరు ఎవరు కొనవలెను? ఆటో నడుపువాడు దినమున సంపాదించినది డీజిలుకు, కంతుకు పోగా ఇంటికి ఏమి మిగులును? మూడు టైర్లు ఒక్కసారిగా మార్చుట అతనికి ఒక పెండ్లి ఖర్చంత భారము. బాడుగ తక్కువ అడుగుదుము, ఇంకను ఇద్దరిని ఎక్కించుమందుము, తరువాత టైరు పగిలిన యెడల అతనిని నిందింతుము. ఇది న్యాయమా?

కూలీలను పిలిపించుకొను రైతు సోదరులారా, బాడుగ మాట్లాడునప్పుడు టైర్లను కూడ ఒకసారి చూడుడి. మంచి టైర్లున్న ఆటోకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చుటకు వెనుకాడకుడి. మహాసభలకు, పెండ్లిండ్లకు బండ్లు మాట్లాడు సంఘ పెద్దలారా, బాడుగ ఎంతని అడిగినట్లే టైరు ఎట్లున్నదని అడుగుడి. టైరు మోయగలిగినంత మందినే ఎక్కించుడి. స్త్రీల సమాజములలో పొదుపు చేయు తల్లులారా, సంఘములోని ఆటో సోదరునికి టైర్ల కొరకు వడ్డీ లేని చేబదులు ఇచ్చి నెలనెల తీర్చుకొనుటకు వీలున్నదేమో ఆలోచించుడి. ఆ ఆటోలో ఎక్కునది మీరే, మీ కుమార్తెలే.

మిద్దె యజమానిది, పిట్టగోడ బాధ్యత యజమానిది అని ధర్మశాస్త్రము చెప్పినది. యజమాని చేతిలో డబ్బు లేనప్పుడు ఆ మిద్దె ఎక్కువారందరు తలా ఒక రాయి మోయుట క్రీస్తు ప్రేమ. ఈ నెల ఆరాధనకు వచ్చినప్పుడు, లోపలికి రాక మునుపు మీ బండి యొద్ద ఒక్క నిమిషము వంగి చూడుడి. మీ బండి చూచిన తరువాత ప్రక్క బండిని కూడ చూడుడి.

మీ రాకపోకలయందు ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.