రాసే చేత్తోనే లెక్క

విజయవాడ

కథలూ నవలలూ రాస్తూ, వాటిని సొంతంగా అచ్చు వేసుకుంటున్న అమ్మాయిలకీ, అబ్బాయిలకీ ఆశీస్సులు.

పుస్తకాల పండగలో స్టాలు దగ్గర నిలబడి మీలో చాలామంది ఒకటే మాట అడుగుతున్నారు. "అమ్మా, రాయడానికే టైం చాలడం లేదు. ఈ బిల్లులూ, ఒప్పందాలూ, రిటర్నులూ ఎవరికైనా అప్పజెప్పేస్తే పోదా?" ఆ జనంలో నిలబడి జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

అప్పజెప్పండి, తప్పులేదు. రిటర్ను వేయడానికి ఆడిటరుగారు ఉన్నారు. పార్సిళ్లు కట్టడానికి కుర్రాడు దొరుకుతాడు. అయితే ఏ పుస్తకం మీద ఎంత పెట్టారు, ఎంత వచ్చింది, ఎవరి దగ్గర ఎంత ఆగింది, ఏ హక్కు ఎవరికి ఎన్నేళ్లకిచ్చారు అన్నవి మాత్రం మీ చేత్తో మీరే రాసి పెట్టుకోవాలి. చేతిలో ఎంతుందో తెలిసిన రచయితే ఇష్టం లేని పనిని కాదనగలరు. తెలియనివాళ్లు భయపడి ఒప్పుకుంటారు. రాబోయే నెలల అద్దెకు డబ్బుందో లేదో తెలియక, ఎవరో పెద్దమనిషి జీవితచరిత్ర తన పేరు లేకుండా రాసిపెట్టడానికి ఒప్పుకున్న మంచి కథకుణ్ణి నేనెరుగుదును. తీరా చూస్తే పుస్తకాల షాపుల నుంచి అతనికి రావలసిన బాకీ ఆ పనికిచ్చిన డబ్బుకంటే ఎక్కువ ఉంది. అడిగి తెచ్చుకుంటే సరిపోయేది. ఆ ఏడు అతను రాయవలసిన నవల ఇప్పటికీ రాలేదు. నాకు కష్టం కలిగేది ఆ నవల గురించి.

రచన గొప్పది, లెక్క చిన్నది అనే తేడా మన పెద్దవాళ్లు చూడలేదు. వీరేశలింగం పంతులుగారు 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టారు. తరవాత రాజమండ్రిలో సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు. కాగితం ఖర్చు, అక్షరాలు కూర్చేవారి జీతం ఆయనకు తెలియకుండా ఆ పత్రిక నడిచేదా? కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం పెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' సాహిత్య పత్రిక వచ్చింది. తలనొప్పి మందు సీసాల లెక్క సరిగ్గా ఉండబట్టే మనకు 'భారతి' దక్కిందని నా నమ్మకం. మైసూరులో ఆర్.కె. నారాయణ్ రెండో ప్రపంచయుద్ధం వల్ల ఇంగ్లండు ప్రచురణకర్తలతో సంబంధం తెగిపోతే 1942లో ఇండియన్ థాట్ పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలు తానే వేసుకున్నారు.

ఇక ఒప్పందాల సంగతి. మీరు అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసింది ఇదే.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. హక్కును ఇంకొకరికి రాసివ్వాలంటే అది కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఏ హక్కు ఇస్తున్నారో, ఎంత కాలానికో, ఏ ప్రాంతానికో, ఎంత రాయల్టీకో అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. తీసుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప, అది ముగిసినట్టే. అంటే చట్టం మీ పక్షానే ఉంది. మరి 'శాశ్వతంగా, ప్రపంచమంతటా, సకల మాధ్యమాలలో' అని అవతలివాళ్లు ఎందుకు రాయిస్తారో ఇప్పుడు అర్థమైందా? ఆ మూడు మాటలూ కనపడ్డ చోట కలం ఆపండి. పుస్తకం ముద్రణకిచ్చే కాగితంలో ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ ఎందుకుండాలి? దేనికది వేరే కాగితం, వేరే డబ్బు. ఒక ప్రచురణ సంస్థ అలాంటి కాగితమే నాకు పంపితే 'శాశ్వతంగా' అన్న మాట కొట్టేసి 'అయిదేళ్లు' అని రాసి తిప్పి పంపాను. వాళ్లు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. అడిగేవాళ్లు లేకే అది అన్నాళ్లూ అందులో ఉంది.

సినిమాకి పాటలు రాసే పిల్లలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2012లో చట్టం సవరించారు. సినిమా హాల్లో ఆ సినిమాతో పాటు వినపడటం మినహా మీ పాటను ఇంకెక్కడ వాడుకున్నా, వచ్చే రాయల్టీలో మీకు సమాన వాటా ఉంటుంది. ఆ వాటా వదులుకుంటానని మీరు రాసిచ్చినా చెల్లదు.

ఆడపిల్లలకు విడిగా ఒక మాట. మా తరంలో వారపత్రికల సీరియళ్లను నిలబెట్టింది చాలావరకు ఆడవాళ్లే. కథ కింద పేరు వాళ్లదే. డబ్బు మాటలు మాత్రం భర్తో, అన్నగారో మాట్లాడేవారు. తన నవలకు ఎంత ముట్టిందో తెలియకుండానే వెళ్లిపోయిన రచయిత్రులున్నారు. ఇంట్లోవాళ్లు మంచివాళ్లే కావచ్చు. అయినా మీ ఒప్పందం మీరు చదవాలి, చెక్కు మీ ఖాతాలో పడాలి.

జీఎస్టీ పేరు వింటేనే మీరు బెదిరిపోతున్నారు. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. అచ్చు పుస్తకాలు తప్ప ఇంకేమీ అమ్మనివాళ్లకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది, దళారికి పైసా ఇవ్వకండి. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. కంపెనీలకు రాసిపెట్టి బతికేవాళ్లు అది ముందే చేయించుకుంటే, రాయించుకున్నవాళ్లు మహా అయితే 45 రోజుల్లో డబ్బు కట్టాలి. ఇక టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లు ముందే కోసుకునే పన్ను. రాయల్టీలో పదిశాతం కోసుకున్నామని ప్రచురణకర్త చెబితే, అది మీ పాన్ నంబరు మీద జమపడిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్లో చూడండి. మీ ఆదాయానికి పన్నే లేకపోతే ఆ డబ్బు వెనక్కి వస్తుంది, రిటర్ను వేస్తేనే వస్తుంది. పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకు సాహిత్య గ్రంథాల రాయల్టీ మీద ఏడాదికి 3 లక్షల దాకా మినహాయింపు ఉంది. కొత్త పద్ధతిలో లేదు. ఏది లాభమో ఆడిటరుగారిని అడగండి.

సొంతంగా అచ్చు వేసుకునేవాళ్లు అచ్చుకిచ్చే ముందు ఈ లెక్క కట్టి చూడాలి. పుస్తకం ధర 200 అనుకోండి. అమ్మిపెట్టేవారికి 40 శాతం పోతే కాపీకి మీ చేతికొచ్చేది 120. అచ్చు, బైండింగు కలిపి కాపీకి 80 పడితే, 500 కాపీలకు పెట్టుబడి 40,000. అది వెనక్కి రావాలంటే 334 కాపీల డబ్బు చేతిలో పడాలి. మిగిలినవి 166. అందులో సమీక్షకులకీ, స్నేహితులకీ, చుట్టాలకీ 50 పంచారా, ఇక మీ కష్టానికి ఫలితం 116 కాపీలు, అవీ అన్నీ అమ్ముడైతే 13,920 రూపాయలు. ఈ లెక్క తెలిశాక కాంప్లిమెంటరీ కాపీ ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది, ఆగాలి కూడా. మీ పుస్తకం చదవాలని నిజంగా ఉన్నవాళ్లు కొనుక్కుంటారు.

అమ్ముడవడం వేరు, డబ్బు రావడం వేరు. షాపుకి పార్సిల్ పంపితే ఎన్ని కాపీలు, ఏ తేదీ, ఎంత కమీషన్ అని చలానా రాసి, నకలు మీద వాళ్ల సంతకం తీసుకోండి. మూడు నెలలకోసారి మిగిలిన కాపీలెన్నో అడగండి. మొహమాటం వద్దు. బాకీ అడిగినంత మాత్రాన మీ మీద గౌరవం తగ్గించుకునే షాపువాళ్లను నేను చూడలేదు. పుస్తకం డబ్బుకు బ్యాంకులో వేరే ఖాతా తెరవండి. స్టాల్లో పెట్టే క్యూఆర్ కోడు ఆ ఖాతాదే అయి ఉండాలి. ఇంటి ఖాతాలో పడితే కూరగాయలతో పాటే అదీ కరిగిపోతుంది, పుస్తకం ఎంత తెచ్చిందో మీకే తెలియదు.

మరి టైం మాట. పొద్దున్న లేచిన తాజాతనం కథకే ఇవ్వండి. ఆ గంటల్లో బ్యాంకు మెసేజ్ కూడా చూడకండి. రసీదు వచ్చిన రోజునే తేదీ వేసి ఒక కవరులో పడేయండి. వారానికి ఒక మధ్యాహ్నం, భోజనమయ్యాక బుర్ర కాస్త మందంగా ఉండే వేళ, కవరు తీసి పద్దులు రాయండి. వారం వారం రాస్తే అది గంట పని. మార్చి నెలాఖరు దాకా అలాగే ఉంచేస్తే ఆ నెల కథ పోతుంది.

ఒప్పంద పత్రం ఏదైనా అర్థం కాకపోతే సంతకం పెట్టకముందే పట్టుకురండి. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఇంట్లోనే ఉంటాను. వాక్యం వాక్యం కూర్చుని చదువుదాం. కొత్తగా రాసిన కథ ఉంటే అదీ తీసుకురండి, ముందు దాన్ని విని తరవాత కాగితాలు చూద్దాం.

మీ పెద్దమ్మ