విజిల్ ఎవరి చేతిలో ఉంది?

1950ల చివర్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒక హైస్కూల్లో డోరిస్ సెవర్ట్‌సెన్ అనే అమ్మాయి చదువుకునేది. ఆ పిల్లకి పరుగంటే ప్రాణం. స్కూల్లో మంచి ట్రాకు ఉంది. కాని అది మగపిల్లలది. ఆడపిల్లలు అందులో పరిగెత్తకూడదు. డోరిస్ ఊరుకోలేదు. ట్రాకు ఇవ్వకపోతే మానె, బయట దారులున్నాయి కదా అనుకుని అక్కడే పరిగెత్తింది.

తర్వాత డోరిస్ బ్రౌన్ హెరిటేజ్‌గా ప్రపంచానికి తెలిసింది ఈ అమ్మాయే. 1966లో ఇండోర్ ట్రాకుమీద మైలు దూరాన్ని ఐదు నిమిషాల లోపల పూర్తి చేసిన మొదటి స్త్రీ ఆమె. క్రాస్ కంట్రీ అంటే చదునైన ట్రాకుమీద కాదు, గడ్డిలో, బురదలో, గుట్టలెక్కి దిగుతూ పరిగెత్తే పందెం. అందులో అంతర్జాతీయ విజేతగా 1967 నుంచి 1971 దాకా వరసగా ఐదేళ్ళూ ఆమే నిలిచింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 800 మీటర్ల పరుగులో ఐదో స్థానంలో వచ్చింది.

అంత దూరాలు పరిగెత్తగలిగిన మనిషి ఒలింపిక్స్‌లో 800 మీటర్లతోనే ఎందుకు సరిపెట్టుకుంది? అప్పటికి ఆడవాళ్ళకి ఉన్న పెద్ద పరుగు అదే కాబట్టి. అది కూడా మొదటినుంచీ లేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొమ్మిదిమంది స్త్రీలు 800 మీటర్ల ఫైనల్లో పరిగెత్తారు. తొమ్మిదిమందీ పూర్తి చేశారు. కాని ఆడవాళ్ళు సగం దారిలోనే కుప్పకూలిపోయారని పత్రికలు రాశాయి. ఆ కట్టుకథని సాకుగా చూపించి ఆ పరుగునే తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. మగవాడు పందెం చివర ఆయాసపడితే అది వీరత్వం, ఆడది ఆయాసపడితే అది బలహీనత. ‘మీ మంచికోసమే’ అంటూ మన హక్కుల్ని లాక్కోవడం మనకి కొత్త సంగతేమీ కాదు.

అయితే నేను రాయాలనుకున్నది డోరిస్ గెలిచిన పతకాల గురించి కాదు, ఆ తర్వాత ఆమె చేసిన పని గురించి. తాను చదువుకున్న సియాటిల్ పసిఫిక్‌లోనే ఆమె క్రాస్ కంట్రీ, ట్రాక్ కోచ్‌గా మూడు దశాబ్దాలకు పైగా పనిచేసింది. 1984 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల జట్టుకి సహాయ కోచ్‌గా వెళ్ళింది. 1988లో ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్యవారి క్రాస్ కంట్రీ, రోడ్ పరుగుల కమిటీలోకి ఎన్నికైన మొదటి స్త్రీ కూడా ఆమే.

కోచ్ అంటే స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడే మనిషి అని చాలామంది అనుకుంటారు. నిజానికి జట్టులో ఎవరుండాలో, ఎవరికి స్కాలర్‌షిప్పు రావాలో, దెబ్బ తగిలినవాళ్ళు ఎన్నాళ్ళు ఆగాలో, ఎవరు ఎంత బరువుండాలో చెప్పేది కోచ్. ఇల్లు వదిలొచ్చిన పద్ధెనిమిదేళ్ళ పిల్లమీద తల్లిదండ్రులకి లేని అధికారం కోచ్‌కి ఉంటుంది. ఆ అధికారం ఎవరి చేతిలో ఉందన్నది చిన్న ప్రశ్న కాదు.

1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడామగా తేడా చూపకూడదన్నది దాని సారాంశం. ఆ ఒక్క వాక్యం ఆటస్థలాల గేట్లు తెరిపించింది. అంతకుముందు హైస్కూళ్ళలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షలమంది కూడా లేరు. ఆ తర్వాతి దశాబ్దాల్లో వాళ్ళ సంఖ్య 30 లక్షలు దాటింది. ఇది స్త్రీలు పోరాడి సాధించుకున్న విజయం. దాన్ని తక్కువ చెయ్యకూడదు.

కాని అదే సమయంలో ఇంకొకటి జరిగింది. 1972కి ముందు కాలేజీల మహిళా జట్లకి కోచ్‌లుగా ఉన్నవాళ్ళలో నూటికి 90 మందికి పైగా స్త్రీలే. 2014 నాటికి ఆ సంఖ్య సుమారు 43కి పడిపోయింది. పరుగుల క్రీడల్లో ఇంకా తక్కువ. పోనీ మగవాళ్ళ జట్లకి స్త్రీలు కోచ్‌లయ్యారా అంటే, అది నూటికి రెండు మూడు మించలేదు. ఆడపిల్లలు మైదానంలోకి వచ్చారు, వాళ్ళకి నేర్పే స్త్రీలు మైదానం బయటికి వెళ్ళారు.

ఎందుకిలా జరిగింది? ఆ పనికి డబ్బు, గౌరవం లేనంతకాలం అది ఆడవాళ్ళ పని. జీతాలు పెరిగాక మగవాళ్ళు కూడా దరఖాస్తు పెట్టారు. అంతవరకూ విడిగా నడిచిన ఆడవాళ్ళ క్రీడావిభాగాల్ని మగవాళ్ళ విభాగాల్లో కలిపేశారు. రెండు విభాగాలకీ ఒకే అధిపతి అన్నప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది ఎక్కువచోట్ల మగవాడే. కాలేజీ మహిళల పోటీల్ని నడపడానికి స్త్రీలే 1971లో పెట్టుకున్న సంఘం, పెద్ద సంఘం ఆ పోటీల్ని తన చేతిలోకి తీసుకోగానే 1982లో మూతపడింది. వాళ్ళ చట్టం ఆడే హక్కునిచ్చింది. నిర్ణయించే హక్కుని కాపాడలేకపోయింది.

మగ కోచ్‌లందరూ చెడ్డవాళ్ళని నేననడం లేదు. డోరిస్‌కి నేర్పిన కెన్ ఫోర్‌మన్ కూడా మగవాడే. ఆడవాళ్ళ పరుగుని ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఆమె వెన్నంటి నిలిచాడాయన. అలాగే స్త్రీ అయినంత మాత్రాన ఏ కోచ్ అయినా మంచిదైపోదు. కాని ఒకే రకం మనుషుల చేతిలో అధికారమంతా ఉన్నప్పుడు ఏమవుతుందో 2019లో మేరీ కెయిన్ చెప్పింది. ఆమె అమెరికాలో అతి చిన్న వయసులోనే పేరు తెచ్చుకున్న రన్నర్. మగవాళ్ళే నడిపిన శిక్షణ శిబిరంలో ‘సన్నబడు, ఇంకా సన్నబడు’ అనే ఒత్తిడికి తన నెలసరి మూడేళ్ళు ఆగిపోయిందని, ఎముకలు విరిగాయని బహిరంగంగా చెప్పింది. నెలసరి ఆగిపోవడం ప్రమాదమని తెలిసిన ఒక్క స్త్రీ అక్కడ అధికారంలో ఉండి ఉంటే బహుశా కథ వేరుగా ఉండేది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. 2022 జూన్‌లో ఒక మహిళా సైక్లిస్టు విదేశీ శిబిరంలో కోచ్ తనతో అసభ్యంగా ప్రవర్తించాడని ఫిర్యాదు చేసింది. దాంతో మహిళా క్రీడాకారులున్న బృందాలతో ఒక మహిళా కోచ్ తప్పనిసరిగా వెళ్ళాలని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా నియమం పెట్టింది. మంచిదే. కాని ఆలోచించండి. ఆ స్త్రీ వెళ్తున్నది నేర్పడానికా, కాపలా కాయడానికా? అసలు కోచ్ మగవాడిగానే ఉండి, పక్కన ఒక స్త్రీని తోడు పంపితే అధికారం మారినట్టా? 2023లో కుస్తీ క్రీడాకారిణులు సమాఖ్య అధ్యక్షుడిమీద లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్ మంతర్ దగ్గర రోడ్డుమీద కూర్చోవలసి వచ్చింది. దేశానికి పతకాలు తెచ్చినవాళ్ళకే ఆ గతి పడితే, జిల్లాస్థాయిలో ఆడే పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

మన దేశంలో కోచ్‌లకి 1985 నుంచి ఇస్తున్న పెద్ద పురస్కారం పేరు ద్రోణాచార్య. ఏకలవ్యుడి బొటనవేలు అడిగిన గురువు పేరు! నేర్పేవాడి అధికారాన్ని ప్రశ్నించకూడదన్న సంస్కారం మనలో ఎంత లోతుగా ఉందో ఆ పేరే చెప్తోంది.

మనం చెయ్యగలిగినవి ఉన్నాయి. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం పనిస్థలాల నిర్వచనంలో స్టేడియంలు, క్రీడా శిక్షణ సంస్థలు కూడా ఉన్నాయి. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. అది లేనిచోట జిల్లా కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. మన జిల్లాల్లోని స్టేడియంలకి, క్రీడా హాస్టళ్ళకి వెళ్ళి ఆ కమిటీ ఉందా, దాని సభ్యుల పేర్లు పిల్లలకి కనపడేలా గోడమీద రాశారా అని అడుగుదాం. మహిళా కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో, ఉన్నవాటిలో స్త్రీలు ఎందరో లెక్క తీద్దాం. ఆడటం మానేసిన అమ్మాయిలు కోచ్‌లయ్యేందుకు శిక్షణలో సీట్లు, పసిపిల్లల తల్లులకి శిబిరాల్లో వసతి అడుగుదాం. పెళ్ళయ్యాక మైదానం వదిలేసిన ఆ అమ్మాయిల దగ్గర ఉన్న విద్య వృథా పోతోంది.

స్కూలు ట్రాకుమీదికి రానివ్వని అమ్మాయి మూడు దశాబ్దాలు ఇతరులకి పరుగు నేర్పింది. అది ఆమె పట్టుదల. కాని ప్రతి ఆడపిల్లా డోరిస్ అంత పట్టుదల చూపిస్తేనే న్యాయం దొరకాలంటే అది హక్కు ఎలా అవుతుంది? పిల్లల్ని పరుగుకి పంపుదాం. పంపేముందు విజిల్ ఎవరి చేతిలో ఉందో కూడా అడుగుదాం.