హోదా మోజు వద్దు, పాయింట్లు వదలొద్దు

విజయవాడ హైవే అవుటర్ రింగ్ రోడ్డును కలిసే చోటు పెద్ద అంబర్‌పేట్. సంక్రాంతికి నగరం ఖాళీ అయ్యేటప్పుడు కార్లన్నీ ఇటే బారులు తీరుతాయి. ఇటు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు వెంట లాడ్జీలకు, ఫంక్షన్ హాళ్లకు కొదవ లేదు. బసకు పాయింట్లిచ్చి, వాటికి తర్వాత గదులో తగ్గింపులో ఇచ్చే పెద్ద చెయిన్ హోటళ్లు మాత్రం ఎక్కువగా నగరానికి పడమటనే ఉన్నాయి. మాదాపూర్‌లో వెస్టిన్, హైటెక్స్ పక్కన నోవోటెల్, బంజారాహిల్స్‌లో తాజ్, పార్క్ హయత్.

అలాగని ఆ పాయింట్లకు హక్కుదారులు తూర్పున లేరనుకుంటే పొరపాటు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగే ఉద్యోగుల్లో క్లయింటు పని మీద బెంగళూరు, పుణె తిరిగేవాళ్లు బోలెడు మంది. గది అద్దె కంపెనీ కడుతుంది. పాయింట్లు మాత్రం సాధారణంగా ఆ గదిలో దిగిన మనిషి ఖాతాలోకే వెళ్తాయి. చెక్-ఇన్ కౌంటర్లో మెంబర్‌షిప్ నంబరు అడిగితే ‘లేదండీ’ అని కీ కార్డు తీసుకుని లిఫ్ట్ ఎక్కేసేవాళ్లు అక్కడే నష్టపోతున్నారు. సభ్యత్వం ఉచితం, రెండు నిమిషాల పని. ఒక్క మెలిక ఉంది: మేక్‌మైట్రిప్, గోఐబిబో లాంటి యాప్‌ల ద్వారా బుక్ చేస్తే చాలా చెయిన్లు పాయింట్లివ్వవు. హోటల్ సొంత వెబ్‌సైట్లోనో, కంపెనీ ఒప్పందం చేసుకున్న రేటుకో బుక్ చేయాలి.

పాయింటు విలువెంతో లెక్కేస్తే గానీ తెలియదు. మారియట్‌లో చాలా బ్రాండ్లకు ఒక డాలరు ఖర్చుకు 10 పాయింట్లు. డాలరు 90 రూపాయలనుకుంటే, పన్ను కాకుండా 9,000 రూపాయల గదికి 1,000 పాయింట్లు వస్తాయి. అంటే 15 రాత్రులుంటే 15,000. ఇప్పుడు వాటిని వాడే వైపు చూద్దాం. పెళ్లిళ్ల ముహూర్తాల రోజుల్లో ఒక గది 12,000 పలికిందనుకుందాం. 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం కాబట్టి చేతి నుంచి పోయేది 14,160. అదే గదిని 15,000 పాయింట్లకు ఇస్తే ఒక్కో పాయింటు 94 పైసలకు చెల్లినట్టు. ఖాళీ రోజుల్లో అదే గది 5,500కి దొరుకుతుంది, 5 శాతం పన్నుతో 5,775. ఆ రోజు కూడా 15,000 పాయింట్లే అడిగితే పాయింటు 39 పైసలకు దిగజారింది. కాబట్టి చవక రోజున డబ్బు కట్టి, ఖరీదైన రోజున పాయింట్లు తీయాలి. నోవోటెల్‌ను నడిపే అకోర్‌లో ఈ ఒడుపు పనికిరాదు. అక్కడ 2,000 పాయింట్లకు ఎప్పుడైనా 40 యూరోల తగ్గింపే. విజయవాడ నోవోటెల్‌కు వెళ్లేవాళ్లకు ఆ లెక్క చాలు.

ఇక ఎక్కువ రాత్రులు గడిపే సభ్యులకిచ్చే హోదా సంగతి. మారియట్‌లో ప్లాటినం కావాలంటే ఏడాదికి 50 రాత్రులు. ఉదయం టిఫిన్, లాంజ్, చెక్-అవుట్ రోజున సాయంత్రం 4 గంటల దాకా గది, ఖాళీ ఉంటే అంతకన్నా మంచి గది ఇస్తారు. రిసార్టుల్లాంటి కొన్నిచోట్ల షరతులు మారతాయి. ఇవి నిజంగా సుఖాలే. కానీ రోజుకు 9,000 చొప్పున సొంత జేబులోంచి పెడితే పన్నుతో కలిపి 5.31 లక్షలవుతుంది. మధ్యతరగతి కుటుంబానికి ఇది శుద్ధ దండగ. డిసెంబరులో ‘ఇంకో నాలుగు రాత్రులే తక్కువ’ అంటూ వచ్చే మెయిల్ చూసి అవసరం లేని గది బుక్ చేయడం అంతకన్నా దండగ.

కంపెనీ కడుతున్నప్పుడు మాత్రం హోదాను వదులుకోకూడదు. చెల్లాచెదురుగా తిరిగితే అది దక్కదు. ఏడాదిలో మారియట్‌లో 20, హయత్‌లో 15, అకోర్‌లో 15 రాత్రులు గడిపినవాళ్లకు మూడు చోట్లా మొదటి మెట్టే. మారియట్‌లో సిల్వర్ అంటే టిఫిన్ కూడా రాదు. అదే 50 రాత్రులూ ఒక్కచోట గడిపితే ప్లాటినం.

2023 ఆగస్టులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు మారియట్ పేరుతో క్రెడిట్ కార్డు తెచ్చింది. అప్పటి షరతుల ప్రకారం ఏడాదికి 3,000 రూపాయల ఫీజు, పైన పన్ను. బదులుగా సిల్వర్ హోదా, 15,000 పాయింట్ల లోపు ఒక ఉచిత రాత్రి. ఆ ఒక్క రాత్రిని ముహూర్తం రోజున వాడుకుంటే ఫీజు నాలుగింతలై తిరిగొస్తుంది. గడువు దాటితే అదీ పోతుంది. బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టలేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. నెలకు మూడు శాతం దాటే వడ్డీ ముందు ఏ ఉచిత గదీ నిలవదు.

హాలిడే ఇన్, మారియట్ రెండూ 1983లోనే ఈ పాయింట్ల పథకాలు మొదలెట్టాయి. మారియట్ 2016లో స్టార్‌వుడ్ హోటళ్ల సంస్థను కొని, పథకాలన్నిటినీ కలిపి, 2019 ఫిబ్రవరిలో బోన్‌వాయ్ అని పేరు పెట్టింది. ఏ హోటల్ గదికి ఎన్ని పాయింట్లో చెప్పే పట్టికను 2022లో ఎత్తేసింది. అప్పటి నుంచి పాయింట్ల ధర రోజును బట్టి మారుతోంది. పాయింట్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ కావు, దాచిన కొద్దీ కరుగుతాయి. మారియట్, హయత్‌లలో 24 నెలలు, అకోర్‌లో 365 రోజులు ఖాతాలో కదలిక లేకపోతే మొత్తం రద్దు.

ఇక్కడ ప్రభుత్వం కూడా కల్పించుకోవాలి. 2019 వినియోగదారుల చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2023 నవంబరులో ఆన్‌లైన్ మోసపు ఎత్తుగడలు పదమూడింటిని అది పేర్లతో సహా జాబితా చేసింది, చివర్లో ధర పెంచే తంతు అందులో ఉంది. పాయింట్ల విలువ తగ్గించే ముందు కనీసం 90 రోజుల నోటీసు ఇవ్వాలని, గడువు తీరబోతుంటే ఎస్సెమ్మెస్ పంపాలని కూడా నిబంధన పెట్టాలి. కస్టమరు ఖర్చు పెట్టి సంపాదించుకున్నదాని విలువను రాత్రికి రాత్రి తగ్గించడం అన్యాయం.

అమెరికాలో వారంవారం క్లయింటు ఊళ్లు తిరిగే మన కన్సల్టెంట్ల ఖాతాల్లో ఇలాంటి పాయింట్లు లక్షల్లో పడి ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న అమ్మానాన్నలు విశాఖ చూడాలంటే ఆ పాయింట్లతోనే అక్కడి మారియట్ వాళ్ల ఫెయిర్‌ఫీల్డ్‌లో గది తీయొచ్చు. ఐదు రాత్రులకు బుక్ చేస్తే మారియట్ నాలుగింటికే పాయింట్లు తీసుకుంటుంది. బుకింగులో పెద్దవాళ్ల పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించి, ముందురోజు హోటల్‌కు ఫోన్ చేసి ఖాయం చేసుకుంటే కౌంటర్ దగ్గర వాళ్లు నిలబడి ఎదురుచూడాల్సిన పని ఉండదు.