తొంభై అయిదు శాతం సరే, మిగతా తొమ్మిది నిమిషాలో?

పొట్టకి నాలుగయిదు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగిలిన వాటిలోంచి పనిముట్లు పంపి, తెర మీద చూసుకుంటూ కాలేయంలో జబ్బు పట్టిన భాగాన్ని కోసి తీసేస్తారు. ఇదే కీహోల్ లివర్ సర్జరీ. డాక్టరు చూసేదంతా వీడియోయే. వీడియో కనబడితే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఊరుకుంటారా? ఏ క్షణాన ఏ దశ నడుస్తోందో కంప్యూటరు చేత చెప్పించే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

ఈ రకం పరిశోధన ఎక్కువగా సాగింది పిత్తాశయం తీసే ఆపరేషన్ మీద. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు 13 మంది సర్జన్లు చేసిన 80 ఆపరేషన్ల వీడియోలని ఏడు దశలుగా విడగొట్టి, 'కోలెక్80' పేరుతో అందరికీ అందించారు. దాని మీద కట్టిన 'ఎండోనెట్' 2017లో ప్రచురితమయింది. అయితే ఆ ఆపరేషన్ దాదాపు ఒకే వరసలో సాగుతుంది. కాలేయం అలా కాదు. కణితి ఉన్న చోటుని బట్టి దారి మారుతుంది. కోస్తుండగా రక్తం చిమ్మితే ముందు అది ఆపాలి, అల్ట్రాసౌండ్‌తో మళ్ళీ చూసుకోవాలి, మళ్ళీ కోతకి రావాలి. మన భాషలో చెప్పాలంటే అది వాటర్‌ఫాల్, ఇది గోటూలు నిండిన కోడ్!

నేను డాక్టర్ని కాను, కానీ లెక్క చూడగలను. మూడు గంటల ఆపరేషన్‌కి సెకనుకో ఫ్రేము చొప్పున 10,800 ఫ్రేములు. 95 శాతం కరెక్టంటే 540 తప్పు, అంటే తొమ్మిది నిమిషాలు. అవి అక్కడక్కడా చెదిరి ఉంటే పెద్ద నష్టం లేదు. అన్నీ రక్తం ధారగా పోతున్నప్పుడే వస్తే? తెర ఎర్రబడి, పొగ కమ్మినప్పుడు కెమెరాకే ఏమీ కనబడదు. కాలేయానికి రక్తం తెచ్చే నాళాలని సాధారణంగా 15 నిమిషాలు బిగించి, 5 నిమిషాలు వదులుతారు. బిగించిన క్షణాన్ని యంత్రం ఆలస్యంగా గుర్తిస్తే, దాన్ని నమ్ముకున్న గడియారమూ తప్పే.

అలాగని ఇది పనికిరాదనడం లేదు. ఆపరేషన్ అయ్యాక వీడియోకి విషయసూచిక తయారుచెయ్యడానికి, నేర్చుకునే డాక్టర్లకి కావలసిన ఘట్టం వెతికి పెట్టడానికి ఇప్పుడే వాడుకోవచ్చు. అక్కడ తప్పు జరిగితే వీడియో కాస్త వెనక్కి తిప్పుకుంటే సరిపోతుంది. ఆపరేషన్ జరుగుతుండగా సలహాలివ్వడం మాత్రం వేరే సంగతి. ముందు కొన్నాళ్ళు అది నోరు మెదపకుండా పక్కన నడవాలి; దాని జవాబులని తర్వాత సర్జన్లు సరిచూడాలి.

మనలో చాలామంది హాస్పిటల్ ప్రాజెక్టుల్లో పని చేస్తున్నాం. ఈసారి డెమోలో సగటు అక్యురసీ చూపిస్తే చప్పట్లు కొట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఒక్కో దశకీ విడివిడిగా ఎంత? దశ మారినట్టు ఎన్ని సెకన్లకి గుర్తించింది? శిక్షణలో లేని వేరే ఆసుపత్రి వీడియోల మీద ఎంత? జవాబు లేకపోతే అది ఇంకా ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాటకూడదు.