ఎరువు తెచ్చుకున్న ప్రోగ్రాము

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ మీదుగా హయత్‌నగర్ వైపు సాగే విజయవాడ రహదారి వెంట కళాశాలలకూ శిక్షణ కేంద్రాలకూ కొదవ లేదు. ఇంజనీరింగు విద్యార్థులు తొలినాళ్లలో చేసే ప్రాజెక్టులలో, నేల తేమను గుర్తించి నీటి మోటారును నడిపే పరికరం ఒకటి. అరచేతిలో ఇమిడే బోర్డు, దానిపై మైక్రోకంట్రోలరు, మట్టిలో గుచ్చే సెన్సరు ఉంటే చాలు. ప్రోగ్రామును మాత్రం విద్యార్థి తానుగా రాయడం అరుదు. ఇతరులు రాసి ఉంచిన ఉదాహరణను ఎరువు తెచ్చుకొంటాడు.

స్వయంగా రాయనిది విద్య కాదని కొందరు పెద్దలు ఆక్షేపిస్తారు. ఆ మాటలో నిజం సగమే. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఆర్డ్యూనో బోర్డుకు రూపకల్పన చేసినవారు, ఎలక్ట్రానిక్స్ చదవని డిజైను విద్యార్థులకు సైతం అది అందుబాటులో ఉండాలని ఆశించారు. అందుకే దానితో సిద్ధమైన ఉదాహరణలను జతచేశారు. చిన్న దీపాన్ని ఒక సెకను వెలిగించి, ఒక సెకను ఆర్పే ‘బ్లింక్’ వాటిలో ప్రసిద్ధమైనది. అది పలకపై దిద్దే ఓనమాల వంటిది. ఓనమాలు దిద్దిన బాలుణ్ణి చూసిరాత రాశాడని ఎవరూ నిందించరు. చిక్కల్లా అక్కడే ఆగిపోవడంలో ఉంది.

లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల నిలయం కాదు; తరచు అవసరమయ్యే పనులకు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల సంపుటి. సర్వో మోటారును తిప్పే లైబ్రరీని ఊనో బోర్డులో వాడితే, 9, 10 సంఖ్యల పిన్నులపై దీపకాంతిని హెచ్చించి తగ్గించే సౌకర్యం పోతుంది. లోపల ఆ రెండు పనులకూ ఆధారం ఒకే టైమరు కావడమే కారణం. లైబ్రరీ వివరణలోనే ఈ సంగతి ఉంటుంది. దానిని చదవనివాడు బోర్డు చెడిపోయిందనుకొని కొత్తది కొంటాడు!

హయత్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థకు పరిశోధన క్షేత్రం ఉంది. అక్కడివి ఎర్రనేలలు. ఊనో బోర్డు సెన్సరు నుండి వచ్చే వోల్టేజిని 0 నుండి 1023 వరకు గల అంకెగా గ్రహిస్తుంది. ఉదాహరణలో 500 దాటితే నేల ఎండినట్లని ఉందనుకొందాం. ఆ 500 ఎవరి పొలంలోని మట్టిది? ఎర్రమట్టిలో వచ్చే అంకె నల్లరేగడిలో రాదు. సెన్సరు మారినా అది మారుతుంది. హయత్‌నగర్ మట్టిని డబ్బాలో పోసి, ఎండినప్పుడు ఒకసారి, తడిపి ఒకసారి కొలిచి, ఆ రెండంకెల నడుమ హద్దును నిర్ణయించుకోవడానికి ఒక పూట చాలు. ఉదాహరణ ఇవ్వలేని విద్య ఆ పూటలోనే ఉంది. పరీక్షాధికారి ముందు బల్లపై తప్పుటంకె కూడా సవ్యంగానే కనిపించవచ్చు. పొలంలో మాత్రం పైరైనా వాడుతుంది, బోరునీరైనా వృథా అవుతుంది.

ప్రోగ్రాము తలకట్టులో ఉన్న కర్త పేరును తుడిచివేయడం మరొక దురలవాటు. ప్రాచీన కావ్యాలలో ఆశ్వాసాంత గద్య చేసే పనినే ఆ నాలుగు పంక్తులు చేస్తాయి. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన, నన్నయ ఆశ్రయదాత అయిన రాజరాజనరేంద్రునికే దానిని అంకితం చేశాడు. పూర్వకర్తపై అంతటి గౌరవం గల సాహిత్యాన్ని చదివే విద్యార్థికి, పేరు తుడిచే అలవాటు ఎక్కడి నుండి వచ్చిందో!

ప్రోగ్రాము మధ్యలో రాసే వ్యాఖ్యలను కంపైలరు విడిచిపెడుతుంది. అవి మనుషుల కోసమే. వాటిని ఆంగ్లంలోనే రాయాలన్న నిర్బంధం లేదు. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థి పాతకర్త పేరును అలాగే ఉంచి, దాని క్రింద “ఈ అంకె హయత్‌నగర్ ఎర్రమట్టిలో కొలిచినది” అని తెలుగులోనే రాయవచ్చు. ఆ ప్రోగ్రామును తరువాత నల్లరేగడి రైతు కొడుకు తీసుకొంటే, మార్చవలసిన పంక్తి ఏదో అతనికి వెంటనే తెలుస్తుంది.